వేళ్ళ గది

మా మేడ మెట్ల మీద నుంచి,
మధ్యాహ్నం

అక్కా,

కూర్చుని చదువు. నేనూ కూర్చునే రాస్తున్నాను. మా మేజోళ్ళ ఫ్యాక్టరీ మూసేశారు.

నిన్న సాయంత్రం మెషీన్లకి నూనె వేసి, గుడ్డలు కప్పి, మామూలుగానే ఇంటికొచ్చాను. ఇవాళ వెళితే గేటుకి గొలుసు. రోజూ నన్ను 'అల్లుడూ' అని పిలిచే వాచ్‌మన్ తాత ఇవాళ 'మీరెవరు, ఎవరు కావాలి' అని అడిగాడు. వేళాకోళమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. లోపలికి ఎవరినీ పంపొద్దన్నారట, ఎవరొచ్చినా అలాగే అడగమన్నారట. అడిగాడు గానీ పాపం, నా మొహంలోకి చూడలేకపోయాడు. యజమాని ఇంకేదో వ్యాపారంలోకి వెళ్ళిపోయాడని గేటు బయట నిలబడ్డవాళ్ళు చెప్పుకుంటున్నారు. మాలో ఒక్కడికి కూడా ముందు తెలియదు. మెకానిక్కుని, ఆ మెషీన్లలో ఏ సూది ఎప్పుడు విరుగుతుందో వినికిడిని బట్టి చెప్పేవాణ్ణి. మొత్తం ఫ్యాక్టరీ విరిగిపోతుంటే నాకేమీ వినపడలేదు.

నీ మరదలికి చెబితే ముందు పకపకా నవ్వింది. నవ్వడం అయ్యాక, 'మరి నీ పనిముట్ల సంచీ ఏది?' అంది. అది లోపలే ఉండిపోయింది. అప్పుడు నమ్మింది.

నాకింకా నమ్మకం కుదరలేదు. సాయంత్రం షిఫ్టుకి మళ్ళీ వెళ్ళి చూద్దామా అనిపిస్తోంది. బావకి నెమ్మదిగా చెప్పు.

నీ తమ్ముడు


వంటింట్లో నుంచి,
చెయ్యి తుడుచుకుని రాస్తున్నాను

ఒరేయ్ బుడంకాయా,

నీ ఉత్తరం నిలబడే చదివాను, తర్వాత కూర్చున్నాను. మీ బావ బస్సు డ్యూటీ నుంచి వచ్చేదాకా అలాగే కూర్చున్నానట, పొయ్యి మీద గిన్నె మాడిన వాసన కూడా తెలియలేదు. విషయం చెబితే ఆయన గిన్నె గురించి ఒక్క మాట అనలేదు. అంటే ఆయనకీ ఎంత దెబ్బ తగిలిందో చూసుకో.

సరే, ఏడుపు చాలు. నీ చేతిలో విద్య ఉంది, గేటుకి గొలుసు వేసినవాడు దానికి వెయ్యలేడు. నేను ఊరుకోలేదు. ఇక్కడ మా మేజోళ్ళ ఫ్యాక్టరీ మేనేజరు నీకు తెలుసుగా, మాటకి ముందు మూడుసార్లు గొంతు సవరించుకుంటాడు, అందుకే మేం సవరింపు సారు అంటాం. ఆయన గదికి పిలవకుండానే వెళ్ళాను. వెళ్ళి నీ గురించి గోరంత దాన్ని కొండంత చేసి చెప్పాను. మా తమ్ముడు ఒక్కడే హాలు నిండా మెషీన్లు చూసుకునేవాడని, అవి మనవాటిలా పాతవి కాదని, దారం ఎక్కించి వదిలేస్తే వాటి మానాన అవే అల్లుకుపోతాయని, ఇప్పుడవి గుడ్డల కింద ఊరికే పడున్నాయని. ఆయనకి ఆసక్తి పుట్టింది. 'మరి అక్కడ వేళ్ళు ఎవరు కుడతారు?' అన్నాడు. ఇంకెవరు కుడతారండీ, మాలాగే ఆడవాళ్ళు, మాలాగే ఒక వేళ్ళ గదిలో కూర్చుని, అన్నాను. నాకు తెలియనిదా. మేజోడు ఎంత గొప్ప మెషీన్లో అల్లినా వేళ్ళ దగ్గర నోరు తెరుచుకునే కదా వస్తుంది. ఆ అంచున వదిలిన దారపు ఉచ్చులు, మా కుట్టుకన్నులన్నీ ఒక్కొక్కటే పళ్ళ చక్రం మీద ఎక్కించి ఆ నోరు మూయడానికి మనిషి ఉండాలి.

నీ ఊరూ ఫ్యాక్టరీ పేరూ రాసుకున్నాడు. మా గదిలో అందరికీ చెప్పాను. మా పెద్దామె అయితే, 'మీ తమ్ముడొస్తే మన కుర్చీల కాళ్ళు కూడా బాగుచేస్తాడేమో అడుగు' అంటోంది. ఈవిడ నాకంటే ముందు నుంచీ అదే కుర్చీలో ఉంది, అది ఎటు ఒరుగుతుందో ఆవిడకే తెలుసు.

ధైర్యంగా ఉండు. మరదల్ని అడిగానని చెప్పు.

అక్క


లేబరాఫీసు ఎదురుగా టీ కొట్టు,
సాయంత్రం

అక్కా,

పని వెతకడం కూడా ఒక పని అని, దానికీ అనుభవం కావాలని నాకు ఇప్పుడే తెలిసింది.

ముందు లిఫ్టుల కంపెనీకి వెళ్ళాను. ఒక అమ్మాయి, చాలా మర్యాదగా, మీ బలహీనత ఏమిటని అడిగింది. మోకాలు అన్నాను. రాసుకుంది. బయటికొచ్చాక పక్కవాడు చెప్పాడు, అది ఒంటి గురించి అడిగేది కాదట, 'ఎక్కువ కష్టపడతాను' అని చెప్పాలట. తర్వాత పంపుల షాపు. ఆ యజమాని నన్ను ఎగాదిగా చూసి, ఇన్నేళ్ళు ఒక్కచోటే ఉన్నావంటే నువ్వు ఇంకెక్కడా పనికిరావనే కదా అన్నాడు. నేను ఇన్నాళ్ళూ అది నా మంచితనం అనుకున్నాను అక్కా. దెబ్బ తిన్నవాడిలా బయటికొచ్చి, గొడుగు అక్కడే మర్చిపోయి, దానికోసం మళ్ళీ లోపలికెళ్ళే ధైర్యం లేక వానలో వచ్చేశాను.

ఇక అసలు సంగతి. మా ఫ్యాక్టరీ మెషీన్లు అమ్ముడుపోయాయట. విప్పి పెట్టెల్లో సర్దే కాంట్రాక్టరు ఒకడు మా ఇంటికే వచ్చి, ఇవి తెలిసినవాడివి నువ్వేనటగా, రోజు కూలికి వస్తావా అన్నాడు. వెళ్ళాను. అదే గేటు, అదే తాత, ఈసారి 'అల్లుడూ' అన్నాడు. నా సంచీ పెట్టినచోటే ఉంది. నేను నిలబెట్టిన మెషీన్లని నేనే విప్పుతున్నాను. మొదటి బోల్టు వదులు చేసి, మళ్ళీ బిగించి, మళ్ళీ వదులు చేశాను. ఎవరూ చూడలేదు.

కొన్నది ఎవరని అడిగితే కాంట్రాక్టరు ఇంకా చెప్పలేదు. అక్కా, మీ సవరింపు సారుకి నువ్వు చెప్పినవన్నీ సరే, ఆయన ఇక్కడికేమైనా వచ్చాడా? వస్తే ఏం చూశాడు, ఏమన్నాడు? తప్పకుండా రాయి.

నీ తమ్ముడు


ఫ్యాక్టరీ వరండా నుంచి,
భోజనాల వేళ

ఒరేయ్ తమ్ముడూ,

నీ నోట్లో పంచదార పొయ్యా! ఆయన రావడమేమిట్రా, వచ్చి చూసి, కొనేసి కూడా వచ్చాడు. నువ్వు విప్పుతున్న మెషీన్లు మాకే వస్తున్నాయి. వాటితోపాటు నువ్వూ వస్తున్నావు. ఇవాళ పొద్దున నన్ను పిలిపించి, మామూలు కంటే రెండుసార్లు ఎక్కువ సవరించుకుని, నీ మాట మీదే వెళ్ళానమ్మా, నీకు కంపెనీ రుణపడి ఉంటుంది, మెషీన్లు నిలబెట్టి నడిపించేది మీ తమ్ముడే అన్నాడు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. పిలిచి పీట వేశారంటే ఇదే కదా.

ఇంకో వింత. ఆ మెషీన్లు మా వేళ్ళ గదిలోనే పెడతారట. గోడలకి సున్నం వేస్తున్నారు, లావుపాటి వైర్లు లాగుతున్నారు. మా బల్లలు తాత్కాలికంగా వరండాలో వేశారు. ఇక్కడ గాలికి దారపు నూగు కళ్ళలో పడుతోంది, ఎవరూ విసుక్కోవడం లేదు. మాకు మేడ మీద కొత్త గది ఇస్తారని అందరం అనుకుంటున్నాం. ఎవరు చెప్పారో తెలియదు, ఎవరో అన్నారు. పెద్దామె అప్పుడే కిటికీ పక్క చోటు తనదని ప్రకటించింది.

మీ బావ నీకోసం ముందు గది ఖాళీ చేస్తున్నారు. మరదలు తర్వాత రావచ్చు. నీకు సంతోషమేనా? పోయిన ఉత్తరంలో నీ చేతిరాత బాగాలేదు.

అక్క


ఫ్యాక్టరీ హాలులో, ఒక చెక్కపెట్టె మీద

అక్కా,

ఈ ఉత్తరం వరండాలో అందరి మధ్యా చదవకు. ఇంటికి తీసుకెళ్ళు.

నీ ఉత్తరం అందినప్పటి నుంచీ దీన్నే రాద్దామని చూస్తున్నాను. తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. మా దగ్గర వేళ్ళ గది లేదక్కా. ఎప్పుడూ లేదు. ఈ మెషీన్ అల్లడం అయ్యాక ఆ కుట్టుకన్నుల్ని తనే ఎత్తి, తనే మడిచి, తనే కుట్టేస్తుంది. గొట్టంలోంచి మేజోడు ఊడిపడేసరికి నోరు మూసుకునే ఉంటుంది. మీ గది మెషీన్లకి ఇచ్చారంటే, మీకు మేడ మీద గది ఉందని కాదు. మీ పని ఇక లేదని.

మనం కలిసినప్పుడల్లా దారం గురించీ రంగు గురించీ మాట్లాడుకుని బావకి విసుగు తెప్పించేవాళ్ళం. వేళ్ళ దగ్గరికొచ్చేసరికి నేను మాట మార్చేవాణ్ణి. మెషీన్ని మొదటిసారి చూసిన రోజే నీకు రాద్దామనుకున్నాను. నువ్వు కళ్ళద్దాలు పైకి తోసుకుని చక్రం మీదికి వంగడం గుర్తొచ్చి మానేశాను. ఇవి మీ ఊరిదాకా రావులే అనుకున్నాను. నువ్వే పిలిచి తెచ్చుకుంటావని కలలో కూడా అనుకోలేదు.

నేను రాను. ఆ సారుకి చెప్పేస్తాను. నీ కుర్చీ లాగేసి నేను కూర్చోలేను.

నీ తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడూ,

చదివాను. మీ బావతో కూడా చెప్పలేదు. ఆయన ముందు గదిలో నీకోసం మేకులు కొడుతున్నారు, ఆపమనలేకపోయాను.

కూర్చున్న కొమ్మని నరుక్కున్నవాళ్ళ గురించి విన్నాను గానీ, కొమ్మ మీద పక్కన ఇంతమందిని కూర్చోబెట్టుకుని నరికినదాన్ని నేనొక్కదాన్నే. ఇవాళ పనిలో అందరూ నవ్వుతూ నీ గురించే అడిగారు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. జలుబు చేసిందన్నాను.

నాకు నమ్మకం కుదరడం లేదు. ఆ మెషీన్ కుట్టిన జత ఒకటి పంపు. చూడాలి.

అక్క


ఫ్యాక్టరీ హాలు నుంచి

అక్కా,

జత పంపుతున్నాను. నేనే చూసి ఏరాను, మంచిదా చెడ్డదా అని కాదు, అన్నీ ఒకలాగే ఉంటాయి.

నాకు వచ్చిన ఆలోచన ఇది. కుట్టుకన్నుల్ని ఎత్తి కుట్టుకి అందించేది ఒక చిన్న ఉక్కు ముక్క, వంకరగా ఉంటుంది, మేం చిలకముక్కు అంటాం. మెషీన్‌కి ఒకటి. అది లేకపోతే మెషీన్ బ్రహ్మాండంగా అల్లుతుంది, వేళ్ళు మాత్రం తెరిచే వదిలేస్తుంది, మీ పాత మెషీన్లలాగే. తయారు చేసిన కంపెనీ వాటిని ఆపేసి చాలాకాలమైంది. దొరకబుచ్చుకోవాలంటే నెలలు పడుతుంది, అసలు దొరక్కపోవచ్చు కూడా. మీ సారు వచ్చినప్పుడు ఒక మెషీన్ నడిపి చూపించారట, అదీ ఆయన దూరం నుంచే చూశాడని తాత చెప్పాడు, ఆ ముక్క మొహం కూడా ఆయనకి తెలియదు. ఇక్కడ పెట్టెల్లో ఏం పెట్టానో ఏం పెట్టలేదో అడిగేవాడు లేడు. అవన్నీ కలిపినా ఒక జేబు నిండదు.

జీవితంలో ఒక్క మెషీన్ని అసంపూర్తిగా ఎవరికీ అప్పగించలేదు. ఇది దొంగతనమో కాదో నాకు తెలియడం లేదు. బుర్ర పనిచేయడం మానేసింది. నువ్వు చెప్పు. నువ్వు ఊ అంటే తీసేస్తాను. లారీ వచ్చేది వచ్చే వారం చివర. ఈలోపు నీ జవాబు అందుతుంది.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
ముందు గదిలో

తమ్ముడూ,

జత అందిన రోజే వేసుకున్నాను. వేసుకుని బస్సు దాకా నడిచాను, ఫ్యాక్టరీ మెట్లన్నీ ఎక్కి దిగాను, పగలంతా విప్పలేదు. ఎక్కడైనా గుచ్చుకుంటుందని, బొటనవేలి దగ్గర గీతలా తగులుతుందని ఎదురుచూశాను. తప్పు వెతకడమే కదా నా పని. ఉతికి ఆరేసి మళ్ళీ వేసుకున్నాను. ఏమీ లేదురా. ఎక్కడ కుట్టిందో కాలికి తెలియలేదు. నేను ఇంతకాలం నా కళ్ళు పెట్టి చేసింది అది కళ్ళు లేకుండా చేసింది. స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

మర్నాడు వరండాలో అందరికీ చెప్పేశాను. నా నోటితోనే తెచ్చానని కూడా చెప్పాను. ఎవరూ తిట్టలేదు, తిడితే బాగుండేది. మేజోడు చేతులు మారింది. ప్రతి ఒక్కరూ తిరగేసి, గోటితో గీసి, పక్కవాళ్ళకి ఇచ్చారు. చివరికి పెద్దామె దగ్గరికొచ్చింది. మా వేలికొసలు మొద్దుబారిపోయాయి కదా, కుట్టు నునుపో గరుకో ఆవిడ కిందిపెదవికి ఆనించి చూస్తుంది. ఆనించి, తిప్పి ఇంకోసారి ఆనించింది. తర్వాత బల్ల మీద పెట్టి, మొహం కడుక్కోవడానికి లేచి వెళ్ళింది.

తిరిగొచ్చి నన్నే అడిగింది, ఇప్పుడేం చేద్దామని. చిలకముక్కు సంగతి చెప్పాను.

నువ్వు నా గురించి ఏమనుకుంటావో తెలుసు. అక్క నీతిమంతురాలు, పక్కింటి చెట్టు కాయ కూడా ముట్టుకోదు. ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు నేను కూడా అలాగే రాద్దామనుకున్నాను. 'వద్దురా, బిగించి పంపు' అని కాగితం మీద పెట్టి, చింపేశాను. ఆ వరండాలో కూర్చున్న మొహాలు నువ్వు చూడలేదు. మాలో ఒక్కరికి కూడా ఇంకో పని రాదు. నీకు లిఫ్టులైనా పంపులైనా ఉన్నాయి, మేం ఏ గుమ్మం ఎక్కి ఏమని చెప్పుకోవాలి, మేజోళ్ళకి నోరు మూస్తామనా? మాకు కావలసింది ఎప్పటికీ కాదు, కొన్ని నెలలు. వెతుక్కోవడానికి, నేర్చుకోవడానికి, ఇంట్లో చెప్పుకోవడానికి.

సవరింపు సారు నిన్న పిలిచి, మెషీన్ల దగ్గర పాడైన జతలు ఏరడానికి ఒక మనిషి ఉంటే చాలు, ఆ చోటు నీకే, నువ్వు చేసిన మేలుకి అన్నాడు. బయటికొచ్చి, వరండాలోకి వెళ్ళలేక మెట్ల మీదే కూర్చున్నాను. అందరినీ పంపించి నన్నొక్కదాన్నే ఆ గదిలో ఉంచితే, కూలి పుచ్చుకుని అమ్మేశానని అనరూ? నేనే అనుకుంటాను.

తీసెయ్ తమ్ముడూ. అన్నీ తీసెయ్. తప్పయితే ఆ పాపం నాది. నువ్వు పుట్టినప్పటి నుంచీ నీకు చెయ్యడమే గానీ ఏనాడూ నిన్ను ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మా తమ్ముడు నా మాట కాదనడని వాళ్ళందరికీ చెప్పాను. అప్పటికి గానీ ఎవరూ బల్లల దగ్గరికి వెళ్ళి పని అందుకోలేదు.

అక్క


ఫ్యాక్టరీ గేటు దగ్గర,
వాచ్‌మన్ తాత కుర్చీలో కూర్చుని

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. లారీ మాత్రం ఇవాళే వచ్చేసింది, వారం ముందుగానే. మీ సారు తొందరపెట్టాడట.

చిలకముక్కులన్నీ విప్పి జేబులో వేసుకున్నానక్కా. నిజం. కాంట్రాక్టరు తాళ్ళు కట్టిస్తున్నాడు. నేను ఒక పక్కన నిలబడి, నువ్వయితే ఏమంటావా అని ఆలోచించాను. అప్పుడు సిగ్గేసింది. నిన్ను అడగడమే తప్పు. చిన్నప్పుడు దుకాణంవాడు పొరపాటున ఒక పెన్సిలు ఎక్కువిస్తే, ఆ ఎండలో నన్ను వెనక్కి నడిపించి ఇప్పించినదానివి. నువ్వు వద్దనే రాసి ఉంటావు. ఆ ఉత్తరం దారిలో ఎక్కడో ఉంటుంది. అది చేతికి రాకపోయినా నాకు వినపడింది.

తాళ్ళు విప్పించి, పెట్టెలు తెరిపించి, ఒక్కోటీ దాని చోట బిగించాను. కాంట్రాక్టరు బూతులు తిట్టాడు. పట్టించుకోలేదు. ఆఖరి మెషీన్ అయ్యాక చేత్తో తిప్పి చూశాను, చిలకముక్కు కిందికి దిగి, ఎత్తి, అందించింది. గేటు మూసినప్పటి నుంచీ ఇవాళే ఊపిరి సరిగ్గా తీసుకున్నాను.

రానని రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను రాకపోతే ఇంకొకడు వస్తాడు, నీ గది మాత్రం ఆగదు. అబద్ధమెందుకు, ఉద్యోగం నాకూ కావాలి. నీ మరదలు ఏమీ అనడం మానేసింది, అదే భయంగా ఉంది. కాంట్రాక్టరు దగ్గర ఫోనులో మీ సారుతో మాట్లాడాను. నీ గురించి బెంగపడకు, ఏరడానికి ఒక్క మనిషిని ఉంచుతారట, అది మా అక్కే అయి ఉండాలని గట్టిగా అడిగాను. ఒప్పుకున్నాడు. కాగితం మీద రాసి ఉంచుతానన్నాడు కూడా. మిగతావాళ్ళకి నా ముఖం ఎలా చూపించాలో తెలియదు, కానీ నువ్వు పక్కనుంటే చూపించగలను.

లారీ బయల్దేరుతోంది, ఈ ఉత్తరం డ్రైవరు చేతికే ఇస్తున్నాను. నేను రేపు పొద్దుటి బస్సెక్కుతాను, ఇది నాకంటే ఒక రోజు ముందు చేరుతుందేమో. మీ గదివాళ్ళందరికీ చెప్పు, నేను వస్తున్నానని.

నీ తమ్ముడు